గుంజతో కట్టిన కోపు

కోలాటం ఒక్కడు ఆడేది కాదు. ఎదురుగా కోలకు కోల కలిపేవాడు ఒకడుండాలి, వాడినే మేము ఉద్ది అంటాం. యుద్ధం రోజుల్లో నా ఉద్ది మిలిటరీలో చేరిపోయాడు. నేను మరీ పెద్ద ఆటగాణ్ణేమీ కాను, అలాగని కాళ్లు తడబడే కొత్తవాణ్ణీ కాను. ఇట్లాంటి నడిమి రకాన్ని ఎవరూ ఏరికోరి పిలవరు. వడమాలపేట దగ్గర మా ఊళ్లో, భజనగుడి ముందు అందరూ జతలు జతలుగా తిరుగుతుంటే, నేను అరుగు మీద కూర్చుని నా కోలలు నేనే తట్టుకునేవాణ్ణి. ఒళ్లు మండేది.

మా గురువు ఒకరోజు చూసి, "ఊరికే కూసుంటే ఎవురొస్తారప్పా? సొంతంగా ఒక కోపు కట్టుకోని రా. బాగుంటే నీతో ఆడేదానికి ఎవుడో ఒకడు రాకపోడు" అన్నాడు. కోపు అంటే అడుగులూ దెబ్బలూ కలిపి అల్లిన వరస.

ఆ మాట పట్టుకున్నాను. తెల్లవారగానే కొట్టంలో దూరి, నడిమి గుంజనే ఉద్దిగా పెట్టుకుని కోపు కట్టడం మొదలుపెట్టాను. ఎదురు వెళ్లి రెండు దెబ్బలు, పక్కకు తిరిగి వంగి ఒకటి, వీపు మీదుగా ఇంకొకటి.

"ఎద్దులు బెదురుతా ఉండాయి, ఏందిరా ఆ కొట్టుడు?" అని అమ్మ కేకలేసేది. ఎద్దులైనా చూస్తున్నాయి కదా అనుకునేవాణ్ణి.

చివరికి వరస కుదిరింది. నిజం చెప్పాలంటే నాకే ముచ్చటేసింది. శనివారం భజన అయ్యాక గురువు తన మేనల్లుణ్ణి నా ఎదుట నిలబెట్టాడు. మంచి ఆటగాడు. కోలలు ఎత్తి పట్టుకోమంటే పట్టుకున్నాడు. నేను ఎగిరాను, వంగాను, అతని చుట్టూ తిరిగాను. తాళం ఎక్కడా తప్పలేదు. ఆపి చూస్తే అతను మొదట నిలబడిన చోటే ఉన్నాడు.

"అంతా బాగుండాదప్పా. నేనేం సేయాల?" అన్నాడు.

ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. నేను కట్టిన కోపులో ఎదుటి మనిషికి ఒక్క అడుగైనా లేదు. గుంజ కదలదు గనక, ఉద్ది కూడా కదలడన్నట్టే కట్టేశాను. చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వారు. గురువు మాత్రం నవ్వలేదు.

"ఒంటిగా ఉండి ఉండి, ఎదురుగా ఇంగొకడుంటాడనేదే మర్సిపోయినావు గదప్పా" అన్నాడు.

నవ్వులు ఓర్చుకున్నాను గానీ ఆ మాటకు ఏడుపొచ్చింది. మేనల్లుడు జాలిపడి, "ఇంగోసారి ఆడదామా?" అని కోలలు చాపాడు.

"ఈసారి ముందు నువ్వొక అడుగెయ్యబ్బా" అన్నాను.

అతను కుడికాలు ముందుకు పెట్టి, నా వంక చూస్తూ ఆగాడు. దానికి జవాబుగా నేనే అడుగు వెయ్యాలో నాకు తోచలేదు.