గంట నోరు కట్టేసిన రోజు

ఇప్పుడంటే ఫోన్‌లో లొకేషన్ పంపించి ఊరుకుంటున్నాం గానీ, పదేళ్ళ కిందట నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన చోట, "ఇక్కడున్నాను, ఇటు రండి" అని చెప్పడానికి ఒక గంట ఉండేది. దాన్ని కొట్టడం నా పని. నమ్మరు కదూ? మా అమ్మ కూడా నమ్మలేదు. "లక్షణంగ చదువుకోని కెనడాకు పోయి గుడిల గంట కొడుతున్నవానే?" అని ఫోన్‌లోనే నెత్తి కొట్టుకుంది. గుడి కాదు, కోట. హాలిఫాక్స్ నుంచి పడవలో గంటన్నర వెళితే, నాలుగు వైపులా నీళ్ళు తప్ప మరేమీ కనిపించని ఒక బండమీద కట్టిన రాతి కోట. కాలేజీలో నా తోటివాళ్ళందరికీ కో-ఆప్ కింద, అంటే చదువులో భాగంగా చేసే ఉద్యోగం కింద, ఏసీ గదులూ తిరిగే కుర్చీలూ దొరికితే నాకు కోట దొరికింది. దానికి కారణం మా డాక్టర్ అంకుల్. ఆయనది తెనాలి. హాలిఫాక్స్‌లో పెద్ద డాక్టరుగా చేసి రిటైరై, ఊరికే ఉండలేక ఆ కోటలో వాలంటీరుగా చేరి, వచ్చిన టూరిస్టులకల్లా ఫిరంగుల గురించి చెబుతూ ఉండేవారు. "అమ్మాయ్, నీకు సున్నం పని వచ్చునా?" అని అడిగారొక ఆదివారం. "దసరాకు మా ఇంటికి నేనే సున్నమేసేదాన్ని అంకుల్" అన్నాను. "ఇంకేం మరి! రాళ్ళ సందుల్లో సున్నం కూరాలి, అంతే. సెలెక్టెడ్!" అనేశారు. నా జీవితంలో అంత చిన్న ఇంటర్వ్యూ మళ్ళీ జరగలేదు.

నాది జగిత్యాల. అప్పటిదాకా నేను చూసిన పెద్ద నీళ్ళు మా పొలం పక్క కాలువ. (అది కూడా ఏడాదిలో సగం రోజులు ఎండిపోయే ఉండేది.) అలాంటిదాన్ని మొదటిరోజు పడవలో నిలబడి చూస్తుంటే, నీళ్ళలోంచి మెల్లగా ఆ గోడ పైకి లేచింది. నోరు తెరిచానని నాకు తెలియదు, ఉప్పునీళ్ళు గొంతులో పడ్డాక తెలిసింది. నాలుగు బారల మందం గోడలు, సముద్రం వైపు చూస్తూ వరసగా ఫిరంగులు. తరాల తరబడి అక్కడ సైనికులు కాపలా కాస్తే ఒక్క శత్రువు కూడా రాలేదట. ఆ సంగతి అంకుల్ చెబితే మొదట నవ్వొచ్చింది. కానీ సాయంత్రం బురుజు మీద ఒక్కదాన్నే నిలబడినప్పుడు, ఎక్కడో దగ్గర్లో తిమింగలం ఒకటి పైకొచ్చి భుస్సుమని ఊపిరి వదిలింది. కనిపించలేదు, వినిపించింది. ఒళ్ళు జలదరించింది. ఇంత పెద్ద ప్రాణి మన పక్కనే ఊపిరి పీలుస్తుంటే ఇక శత్రువెందుకు, దీనికే కాపలా కాయొచ్చు అనిపించింది. నవ్వకండి, అప్పుడు నిజంగానే దండం పెట్టాను.

ఆ కోటకు కాపరి ఒక ముసలావిడ. నేను మనసులో 'కోట మామ్మ' అని పిలుచుకునేదాన్ని. డెబ్భై ఏళ్ళు దాటినా నిచ్చెన మీద నాకంటే ముందుండేది. మాట తక్కువ, చూపు ఎక్కువ. పొద్దున్నే జెండా ఎగరేయడం, వాన నీళ్ళ తొట్టి చూడడం, గాలి ఎటునుంచో లాగ్ బుక్‌లో రాయడం, ఫిరంగులకు నూనె పట్టడం, పక్షులు చేసిన ఘనకార్యాలు కడగడం, ఆ పైన సున్నం పని. ఇవన్నీ ఒక లెక్కయితే గంట ఒక్కటీ ఒక లెక్క. చేరినరోజే నన్ను గంట దగ్గర నిలబెట్టి చెప్పింది. "పొగమంచు పడితే పడవ ఈ చప్పుడు పట్టుకునే వస్తుంది. యంత్రాలు దీవి దాకా తెస్తాయి, ఆ రెండు రాళ్ళ సందులోంచి రేవులోకి తెచ్చేది మాత్రం చెవులే. ఒక దెబ్బ. పది లెక్కపెట్టు. మళ్ళీ దెబ్బ. ఆ పక్కన మునిగిన రాళ్ళ దగ్గర కట్టిన తేలే గంట ఒకటుంది, అది అలలకి ఇష్టమొచ్చినట్టు మోగుతుంది. నువ్వూ ఇష్టమొచ్చినట్టు కొట్టావంటే, నీదేదో దానిదేదో పడవవాడికి తెలియదు. గంట ఆగినరోజు నువ్వు తర్వాతి పడవెక్కి వెళ్ళిపోతావు." నేను అటెన్షన్‌లో నిలబడి తలూపాను.

అక్టోబరు వచ్చింది. కోట మామ్మ పంటినొప్పితో ఊళ్ళోకి వెళ్ళింది. మర్నాడు మధ్యాహ్నం అంకుల్‌తో కలిసి తిరిగి వస్తుంది, అందాకా దీవికి నేనే రాణిని. సరిగ్గా ఆ మర్నాడే ఆయుధ పూజ. అంతకు ముందు పడవలోనే అంకుల్ భార్య, మా ఆంటీ, పసుపు, కుంకుమ, ఎర్రగుడ్డ, పీచు తీసిన కొబ్బరికాయ ఒకటి పంపించి, "పనిముట్లకి బొట్టు పెట్టుకోమ్మా, ఒక్కదానివే ఉన్నావు" అని చీటీ కూడా రాశారు. ఇక ఆగుతానా? మా నాయిన ట్రాక్టర్ మెకానిక్. ఆయుధ పూజనాడు మా షెడ్డులో పానాలన్నీ గుడ్డమీద పేర్చి బొట్లు పెట్టేవాడు. ఆ రోజంతా వాటిని ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఊరి సర్పంచి ట్రాక్టర్ ఆగిపోయినా సరే, "ఏడాదంత పనిజేసినయ్, ఇయ్యాల అవి కూసుంటయ్" అనేవాడు. నేనూ అలాగే పొద్దున్నే తాపీ, సుత్తి, కత్తి, నూనె డబ్బా, పక్కన కొబ్బరికాయ, అన్నీ గంట కింద గుడ్డమీద పేర్చాను. ఫిరంగులకు బొట్టు పెట్టాను. అప్పుడు గంట కనిపించింది. అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది అదే కదా, పాపం దానికి మాత్రం రెస్ట్ వద్దా? ఒళ్ళంతా పసుపు రాసి, పెద్ద బొట్టు పెట్టి, ఎర్రగుడ్డతో దాని నాలుకను చుట్టి, నాయిన ట్రాలీల మీద సామాను కట్టే ముడి వేసి బిగించాను. వెనక్కి జరిగి చూసుకుని మురిసిపోయాను. ఎంత మర్యాదస్తురాలినో!

మధ్యాహ్నం పన్నెండింటికి ఎండ కాస్తోంది. పన్నెండున్నరకు సముద్రం మీద తెల్లగా గోడలాంటిదేదో లేచింది. నేను అన్నం కలుపుకుంటూ "అబ్బ, ఎంత బాగుందో!" అనుకున్నాను. అన్నం ముద్ద నోట్లోకి వెళ్ళేలోపు జెండా కర్ర కనిపించలేదు. తర్వాత ఫిరంగులు కనిపించలేదు. తర్వాత నా చెయ్యి. అంత తెలుపు నేనెప్పుడూ చూడలేదు, భయమూ భక్తీ ఒకేసారి వేసేంత తెలుపు. అందులోంచి, చాలా దూరంగా, పడవ ఇంజను చప్పుడు వినిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది గంట!

తడుముకుంటూ పరుగెత్తాను. ముడి రాలేదు. మంచు తడికి గుడ్డ బిగుసుకుపోయి రాయిలా అయింది. పళ్ళతో లాగాను, పసుపు తప్ప ఏమీ రాలేదు. పడవతో మాట్లాడే రేడియో నడుముకుంటే తీశాను, అది చచ్చి పడి ఉంది (దానికీ రెస్ట్ అని రాత్రి చార్జింగ్ పెట్టలేదు మరి). పక్కనే కత్తి, బొట్టు పెట్టుకుని కూర్చుంది. చెయ్యి చాచాను, చెయ్యి ఆగిపోయింది. నాయిన మొహం కనిపించింది. మీరు నవ్వుతారు గానీ, ఇరవై రెండేళ్ళు ముట్టని చెయ్యి అంత తొందరగా ముట్టుకోదు. ఆ గుడ్డమీద పనిముట్టు కానిది కొబ్బరికాయ ఒక్కటే. తీసుకుని బలంకొద్దీ గంటకేసి కొట్టాను. టప్పుమంది. గంట కాదు, కాయ. నీళ్ళు నా మొహం మీద పడ్డాయి. రెండు చెక్కలు నా రెండు చేతుల్లో మిగిలాయి. మామూలు రోజయితే ఎంత శుభం!

ఇంజను చప్పుడు దగ్గరైంది. అటువైపే మునిగిన రాళ్ళు. ఆ పడవలో తెనాలి నుంచి వచ్చి నన్ను సొంతబిడ్డలా చూసుకున్న మనిషి ఉన్నాడు. "క్షమించు తల్లీ, క్షమించు తల్లీ" అని ఏడుస్తూ సుత్తి అందుకుని గంటను బయటినుంచే బాదడం మొదలుపెట్టాను. దెబ్బకు పది లెక్కపెట్టాలని ఎవరికి గుర్తుంది? అమ్మవారి హారతికి కొట్టినట్టు గణగణగణగణ, ఊపిరి తీసుకోకుండా కొట్టాను. చెయ్యి పడిపోతోందనిపించినా ఆపలేదు.

పడవలో జరిగింది తర్వాత అంకుల్ చెప్పారు. ఆ మోత వినగానే పడవవాడు హడలిపోయి, అది రాళ్ళ దగ్గరి తేలే గంటేనని చక్రం రెండోవైపు తిప్పబోయాడట. కోట మామ్మ కూడా "అది నా గంట కాదు, నా గంట అలా మోగదు" అందట. అప్పుడు మన అంకుల్ లేచి నిలబడి, ఇంగ్లీషు మరిచిపోయి, "ఒరేయ్, అది హారతి గంటరా! మా పిల్లే! అటే పోనీ, అటే పోనీ!" అని కేకలు వేశారట. ఆ తెలుగు పడవవాడికి ఏం అర్థమైందో గానీ, చూపించిన వేలు అర్థమైంది. రెండు రాళ్ళ సందులోంచి పడవ రేవులోకి వచ్చి ఆగింది. తెల్లటి మంచులోంచి ముందు పులిహోర డబ్బా, దాని వెనక అంకుల్ కనిపించారు. నేను సుత్తి వదిలేసి మెట్లమీదే కూలబడి భోరుమన్నాను. "ఏడవకే తల్లీ, వచ్చేశాంగా" అని ఆయన నా తలమీద చెయ్యి వేశారు.

కోట మామ్మ గంట చుట్టూ ఒకసారి తిరిగింది. పసుపు చూసింది, కొబ్బరి చెక్కలు చూసింది. జేబులోంచి తన కత్తి తీసి ఎర్రగుడ్డ కోసేసింది. "నా సామాను సర్దుకుంటాను" అన్నాను. "గంట ఆగితే వెళ్ళాలన్నాను. నీది ఆగనే లేదుగా" అని, ఒక దెబ్బ కొట్టి, నాకేసి చూస్తూ పది పైకే లెక్కపెట్టి, ఇంకో దెబ్బ కొట్టింది. ఆ తర్వాత ఆ ఎర్రచుక్క ఏమిటని అంకుల్‌ని అడిగింది. ఆయన చెప్పారు. "అయితే ఉండనీ" అంది.

తర్వాతి వారం ఊళ్ళోకి వచ్చి నాయినకు ఫోన్ చేసి అంతా చెప్పాను. మెచ్చుకుంటాడనే అనుకున్నాను. "గంటకు పూజంటే కొట్టుడే కదనే పిచ్చిదానా! నోరు కట్టేసుడేందే?" అన్నాడు. చదువుకున్నదాన్ని నేను.

ఇప్పుడు కెనడాలోనే కేంబ్రిడ్జ్ అనే ఊళ్ళో ఉంటున్నాం. చుట్టూ ఫ్యాక్టరీలూ గోడౌన్లే, సముద్రం ఊసే లేదు. ఆయుధ పూజనాడు లాప్‌టాప్‌కీ కారుకీ బొట్టు పెట్టి హారతి ఇస్తుంటే, హాలిఫాక్స్ నుంచి అంకుల్ ఫోన్ చేస్తారు. ఆయనకు ఇప్పుడు చెవులు సరిగా వినిపించవు. "అమ్మాయ్, ఈసారి గంట విప్పే ఉంచావా?" అని ఏటా అదే మాట. ఫోన్ స్పీకర్లో పెట్టి నేను గణగణా వాయిస్తాను. మొన్న మా ఏడేళ్ళ పాప రెండు చెవులూ మూసుకుని, "మామ్, స్టాప్! హీ కాంట్ ఈవెన్ హియర్ ఇట్" అంది. అటునుంచి అంకుల్ గొంతు వినిపించింది. "వినిపిస్తోందమ్మా. ఇంకాస్త కొట్టు, వస్తున్నాం."