పంజాల తొట్టిలో పడుకోవాలనుకున్న నేను

ముందే ఒప్పుకుంటున్నాను: చీమను చూస్తే ఏనుగని చెబుతాను. ఏనుగును చూస్తే ఏం చెప్పాలో తోచక ఊరుకుంటాను. కాబట్టి ఈ తొట్టి బరువు గురించి నేను చెప్పేదాంట్లో సగం కొట్టేయండి. మిగిలిన సగానికే యాకుత్‌పురాలో మా ఇంటి మెట్లు రెండు విరిగాయి.

నడుము నొప్పికి వేడినీళ్ల కాపడం పెట్టుకోమన్నాడు డాక్టరు. ఆయన ఉద్దేశం రబ్బరు సంచీ. నా ఉద్దేశం వేరు. పుట్టిన దగ్గర్నుంచీ పీట మీద ముడుచుకుని చెంబుతో పోసుకుంటున్న మనిషిని. ఒక్కసారైనా కాళ్లు చాపుకుని, మెడదాకా మునిగి స్నానం చేయాలి. అంతే.

కూల్చేస్తున్న ఓ నవాబుల కాలపు దేవిడీలోంచి వచ్చిన పోత ఇనుప తొట్టి పాత సామాన్ల దుకాణంలో దొరికింది. లోపల తెల్లటి పింగాణీ పూత, కింద పులి పంజాల్లాంటి నాలుగు కాళ్లు. పుచ్చకాయను కొట్టి చూసినట్టు కొట్టి, చెవి పెట్టి విని, ఏమీ అర్థం కాకపోయినా తలాడించి కొన్నాను. దానికి జోడీగా హంస మెడలాంటి ఇత్తడి కుళాయి.

స్నానాలగది నేల నీళ్లు పోయే మోరీవైపు వాలు. తొట్టి మూడు కాళ్ల మీదే నిలబడింది.

“సార్, గిది తొట్టి కాదు, టాంగా గుర్రం. కాలెత్తి నిలవడ్డది,” అంటూ ప్లంబర్ భాయ్ నాలుగో పంజా కింద షాబాదు బండముక్క దోపాడు. తర్వాత కుళాయి తిప్పాడు. బొట్టు. ఇంకో బొట్టు.

“ఏంది భాయ్ ఇది?”

“నల్లా ఫస్ట్ క్లాస్ సార్. మీ ట్యాంకే నెత్తి మీద టోపీ తీరుగ గింత ఎత్తుల ఉంది. ప్రెషర్ ఏడికెల్లి వస్తది?”

ఆ లెక్కన తొట్టి నిండేసరికి నడుము నొప్పి మానిపోయి మోకాళ్ల నొప్పి మొదలవుతుంది. అందుకే ఓ మహా ఉపాయం పన్నాను. మా గల్లీలో మున్సిపల్ నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, వచ్చినప్పుడు జోరుగానే వస్తాయి. ఆ నల్లాకే పైపు తగిలించి తొట్టి నింపేశాను. తువ్వాలు భుజాన వేసుకుని కాలెత్తానో లేదో, మా ఆవిడ అడ్డం నిలబడింది.

“ఏందయ్యా, మంచినీళ్లల్ల కాళ్లు పెడ్తవా? రేపు నల్లా రాదు. అందరం ఏం తాగాలె, నీ నడుమా?”

మా గల్లీలో నల్లా నీళ్లలో చెయ్యి ముంచితేనే పంచాయితీ. కాళ్లా? ఆ పూటే తొట్టి మీద ప్లైవుడ్ మూత పడింది. పక్కింటావిడ బిందెతో వచ్చింది.

“తీస్కో అక్కా,” అంది మా ఆవిడ. “మా ఆయన ఇంట్ల చెరువు తవ్విండు.”

అప్పటినుంచి తొట్టి ఊరిది, తోమడం నాది. యాసిడ్ పోస్తే పింగాణీ పోతుందట. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ. ఇత్తడికి చింతపండు. నల్లా వచ్చే రోజు పొద్దున్నే వంగి తోముతాను. నడుము నొప్పి రెండింతలైంది.

చివరికి మొన్న వానాకాలంలో నల్లా వరుసగా రెండు రోజులు వచ్చింది. “పో, నీ కోరిక తీర్చుకో,” అంది మా ఆవిడ. బకెట్ల కొద్దీ నీళ్లు కాచి పోసింది. మెడదాకా మునిగాను.

ఈ ఆఖరి ముక్క ఒక్కటే నేను అల్లింది. మెట్లు నిజంగానే విరిగాయి, కావాలంటే వచ్చి చూసుకోండి. నల్లా మాత్రం వరుసగా రెండు రోజులు ఏనాడూ రాలేదు. జరిగిందల్లా ఇదీ: ఓ రోజు తోమడం అయ్యాక, లుంగీ బనీనుతోనే ఖాళీ తొట్టిలోకి దిగి, కాళ్లు చాపి పడుకున్నాను. ఇనుము చల్లగా, నడుముకు హాయిగా ఉంది. కళ్లు మూతపడుతుండగా బయటినుంచి మా ఆవిడ కేక:

“ఉన్నవా? లెవ్వు జల్దీ, నల్లా వచ్చింది!”