ఆముదం రాసుకోని చేతులు

ఇదిగో నిత్యా, రాసుకో. ముందే చెబుతున్నాను, ఇది కొంప మంటెక్కిన కథ. కొంపంటే కొంప కాదులే, మా అత్తయ్య నడుం. చదివేవాళ్ళు ఎందుకైనా మంచిది, వీపు గోడకి ఆనించుకుని కూర్చోండి.

నేర్పు, ఒడుపు, పనితనం, నైపుణ్యం అన్నీ ఒకటేనా అని కదా మీ తెలుగు టీచరు అడిగింది? ఒకటెలా అవుతాయే. పక్కన కూర్చుని నేర్చుకుంటే వచ్చేది నేర్పు. చెయ్యి తనంతట తాను కనిపెట్టేది ఒడుపు. పని అయ్యాక చూసినవాళ్ళకి కనపడేది పనితనం. సర్టిఫికెట్ మీద అచ్చేసేది నైపుణ్యం. కాపురానికొచ్చిన కొత్తలో వీటిలో ఒక్కటీ నా దగ్గర లేదు. ఇంకోటి మాత్రం బస్తాలకొద్దీ ఉండేది, డాబు.

మాది పొన్నూరు పక్కన వరి పండే ఊరు. మిరపకాయంటే పోపులో వేసేదనే తెలుసు. వినుకొండ వైపు అత్తగారింటికొచ్చి చూస్తే కల్లమంతా ఎర్ర దుప్పటి పరిచినట్టు మిరపకాయలే. మా అత్తయ్య మాటల్లో మహా పొదుపు. ఆవిడ నోట ఒక్కసారి ‘పర్లేదే’ అనిపించుకోవాలని నాకెంత ఆశో. ‘బాగుంది’ అక్కర్లేదు, ‘పర్లేదు’ చాలు.

“తొడిమలు తీయడం వచ్చా అమ్మాయ్?” అంది.

“రాకేం అత్తయ్యా.”

కల్లంలో కూలికొచ్చిన ఆడవాళ్ళంతా చేతులకి ఆముదం పట్టించుకుంటున్నారు. వాళ్ళలో పెద్దావిడ మస్తాన్‌బీ గిన్నె నా ముందుకి జరిపింది.

“రాసుకోమ్మా. లేకపోతే మంటెక్కుద్ది.”

“నాకు అలవాటే పిన్నీ.”

ఆవిడ నా అరచేతుల వంక ఓసారి చూసి, “సరే, సాయంత్రం మాట్లాడుకుందాం” అంది.

ఆడలేనమ్మ మద్దెల ఓడందట. నేను అసలు మద్దెలే వద్దన్న రకం.

సాయంత్రానికి నా చేతులు రెండు కుంపట్లు. నీళ్ళతో కడిగితే మంట పోకపోగా ఇంకాస్త రాజుకుంది. చెబితే పరువు పోతుందని పళ్ళు బిగించుకున్నాను. సరిగ్గా అప్పుడే అత్తయ్య నడుం పట్టేసిందంటూ చాప మీద బోర్లా పడుకుంది. దేవుడిచ్చిన అవకాశమనుకున్నాను. చేతులు కాలాక ఎవరైనా ఆకులు పట్టుకుంటారు, నేను అత్తయ్య నడుం పట్టుకున్నాను. కొబ్బరినూనె పోసి మర్దనా మొదలెట్టాను.

“పర్లేదే” అంది అత్తయ్య. “చెయ్యి వెచ్చగా ఉంది.”

అనేసింది! ఇక నన్ను ఆపేదెవరు? ఇంకాస్త నూనె పోసి, మెడ దాకా రుద్దాను.

“మరీ వెచ్చగా ఉందేంటే? ఏం నూనె అది?”

“కొబ్బరినూనేనండి.”

అంతే. లేవలేనని పడుకున్న మనిషి తారాజువ్వలా లేచి నీళ్ళ తొట్టి దగ్గరికి పరుగెత్తింది. నడుం నొప్పి ఎటు పోయిందో తెలియదు. ఆ కేకలకి మస్తాన్‌బీ పెరుగు ముంత పట్టుకుని వచ్చింది. అత్తయ్య వీపుకి పెరుగు పూసి, నా చేతులు మజ్జిగ గిన్నెలో ముంచి, తాపీగా అడిగింది, “సాయంత్రమైంది, మాట్లాడుకుందామా అమ్మాయ్?”

ఇంక పుట్టింటికి పంపేస్తారనే అనుకున్నాను. అన్నాల వేళకీ నా చేతులు మజ్జిగలోనే ఉన్నాయి. అత్తయ్య పెరుగన్నం కలిపి తెచ్చి నా ఎదురుగా కూర్చుంది, వీపు ఎక్కడా తగలకుండా. ముద్ద నా నోట్లో పెట్టింది.

“రాదని ఒక్క మాట అనుంటే నేను చెప్పేదాన్ని కదే. నాకు మాత్రం పుట్టుకతో వచ్చిందా? మా అత్త చెబితేనే వచ్చింది. రేపు నా పక్కన కూర్చో.”

నా కళ్ళవెంట నీళ్ళు. మిరపకాయ ఘాటు అన్నాను. ఆవిడ నవ్వింది.

మర్నాటి నుంచి ఆవిడ పక్కనే కూర్చుని నేర్చుకున్నాను. ఆవిడ మంచాన పడ్డాక కూడా నడుం పట్టడానికి నేనే కావాలి. కాకపోతే ముందు నా చేతులు దగ్గరికి తీసుకుని, వాసన చూసి, అప్పుడు బోర్లా తిరిగేది.

ఇప్పుడు పెద్ద అక్షరాలతో రాయి. ఆముదం గిన్నె సాక్షిగా, నాకు అన్నీ తెలుసనే మాట ఈ జన్మలోనే కాదు, వచ్చే జన్మలో కూడా అనను.

ఏంటే, కలం పెట్టేశావు? తలనొప్పా? నూనె పెట్టమంటావా?

పెడతాను గానీ, రేపు పెడతానమ్మా. పొద్దున పండుమిరపకాయల తొడిమలు తీశాను. ఆముదం సీసా కనపడలేదు. నాకు అలవాటేగా అని...