నత్తలమ్మ వ్యాసం ఎక్కడ అచ్చయింది?

పొద్దున పదకొండు దాటింది. బయట ముసురు. తెల్లారుజామున తిన్న రెండు రొట్టె ముక్కలు ఎప్పుడో అరిగిపోయి, గ్రంథాలయం మోతగాడి కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి. పాత పత్రికల పెట్టెలు నేలమాళిగలోకి దించితే తప్ప తిండికి వెళ్లే వీల్లేదు. ఆ విశ్వవిద్యాలయంలో ఇరవై రెండేళ్లుగా అతని పని మోతే.

మెట్ల దగ్గర నత్తలమ్మ ఎదురైంది. ఎనిమిదేళ్లుగా వాగు నత్తల మీదే పరిశోధన చేస్తోంది కాబట్టి అందరికీ ఆ పిలుపే అలవాటైంది.

"అన్నా, మా నత్తల పత్రిక కూడా కిందికేనా?"

"పాతవి కిందికేనమ్మా. చదివే దిక్కు లేదంట."

"నేను లేనా దిక్కు?" అని నవ్వింది. నత్తలు తెలిసినవాళ్లు ఓ మూడు వందల మంది కలిసి నడుపుకునే పత్రిక అది. తన వ్యాసం అందులోనే రావాలని ఆమె కోరిక.

అయితే ఆ ఏడాది విశ్వవిద్యాలయం ఒక పెద్ద ప్రచురణ సంస్థతో ఒప్పందం చేసుకుంది. వాళ్ల పత్రికల్లో వేస్తే వ్యాసాన్ని ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, రాసినవాళ్లు రుసుమూ కట్టక్కర్లేదు. ఆ పత్రికల జాబితాను టీ యంత్రం పక్కన గోడకి అంటించారు. అప్పట్నుంచీ కప్పు నిండేలోగా అందరూ దాని మీద వేలు పెట్టి వెతకడమే. ముందు పత్రిక, తర్వాత వ్యాసం. చెప్పు కొనుక్కొచ్చి, దానికి తగ్గట్టు కాలు చెక్కుకున్నట్టు.

నత్తల పత్రిక అందులో లేదు.

ఆమె విభాగం పెద్దసారు ఆమెని టీ దగ్గరే పట్టుకున్నాడు. "ఏమ్మా, వడ్డించిన విస్తరి వదిలేసి ఎక్కడికి పోతావు? వచ్చే నెల నీ ఉద్యోగం పొడిగింపు. జాబితాలో పత్రిక ఉంటేనే నేను మాట్లాడగలను."

"అందులో నాకు దగ్గరగా ఉన్నవన్నీ చేపల పరిశోధకులు చదివేవి సార్. నేను తప్పు రాస్తే పట్టుకునేదెవరు?"

"లోకమంతా చదువుతుందమ్మా! ఇదిగో, ఇతను కూడా."

"నన్ను లాగకండి సార్," అన్నాడు మోతగాడు పెట్టె దించుతూ. "కరెంటు బిల్లే మా ఆవిడ చదివి చెప్పాలి."

అంతా నవ్వారు. నత్తలమ్మ నవ్వలేదు.

వారం తర్వాత ఆమె అతన్ని మెట్ల మీద ఆపింది. "మన నత్తల పత్రికకే పంపించానన్నా. వస్తే ముందు నాకే చూపించు."

ఇక ప్రతి సోమవారం అదే మాట. "వచ్చిందా?"

"నత్తలు కదమ్మా, నడిచి రావాలి."

పొడిగింపు కాగితంలో జాబితా పత్రికలకే గడి ఉంది. ఆమె గడి ఖాళీగా పోయింది. పొడిగింపు రాలేదు.

ఎండ కాసిన ఓ గురువారం నత్తల పత్రిక వచ్చింది. మధ్య పేజీలో, ఆమె గది గోడ మీద రోజూ చూసే నత్త బొమ్మ. పెట్టెలు అక్కడే వదిలేసి మోకాళ్లు పట్టుకుంటూ మూడో అంతస్తు ఎక్కాడు.

గది తలుపు తీసే ఉంది. గాజు తొట్లు కడిగి బోర్లించి ఉన్నాయి. గోడ ఖాళీ. బల్ల మీద తాళంచెవి. పక్క గదిలో అడిగితే, పొద్దున్నే వెళ్లిపోయిందని, ఎవరికీ చెప్పలేదని అన్నారు.