బోణీ ఇంజక్షను

1983 వేసవిలో నన్ను మగవాళ్ళ సర్జికల్ వార్డుకు స్టాఫ్ నర్సుగా వేశారు. వన్ టౌన్ సందుల్లోంచి నడిచి రాగలిగినంత దగ్గర్లో, రేవు గాలి తగిలేచోట ఉన్న ఆసుపత్రి అది. పేరు చెప్పను, చెప్పవలసిన పనీ లేదు. ఓడల దగ్గర మూటలు మోసి నడుములు పట్టేసినవాళ్ళు, కూర్మన్నపాలెం వైపు స్టీల్ ప్లాంటు కట్టుబడి పనుల్లో కాళ్ళూ చేతులూ నలగ్గొట్టుకున్నవాళ్ళు మా మంచాల మీదకి వచ్చేవారు. నాది గోదావరి జిల్లా. ఇక్కడి మాట చెవికి పట్టడానికే నాకు కొంతకాలం పట్టింది.

బయటివాళ్ళకు తెల్లబట్టలు కట్టుకున్న ప్రతి ఆడమనిషీ సిస్టరే. లోపల మాత్రం మెట్లుంటాయి. అడుగున నర్సింగ్ విద్యార్థినులు, వాళ్ళ మీద మాలాంటి స్టాఫ్ నర్సులు, మా మీద వార్డు మొత్తానికి జవాబుదారీగా వార్డు సిస్టరు, అందరి మీదా మేట్రన్. స్టాఫ్ నర్సు రోగిని చూసుకుంటుంది, వార్డు సిస్టరు రోగినీ నర్సునీ కూడా చూసుకుంటుంది. ఆ ఒక్క మెట్టు ఎక్కడానికి కొందరికి సర్వీసంతా సరిపోదు. ఆ ఏడాదే మా దగ్గర కొత్తగా యాక్సిడెంట్ వార్డు తెరవబోతున్నారనీ, దానికో వార్డు సిస్టరు కావాలనీ తెలిసింది. సీనియారిటీ ప్రకారం ఆ కుర్చీ నాదే. ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు గాని, కొత్త వార్డులో మందుల అలమార ఏ గోడకు పెట్టించాలో కూడా మనసులో అనుకుని ఉంచుకున్నాను.

అడ్డం వచ్చింది నూకరత్నం. గోపాలపట్నం పిల్ల, వ్యవసాయదారుల ఇంటినుంచి వచ్చింది, సర్వీసులో నాకంటే చిన్నది. చదువులో నాకంటే ఎక్కువేమీ కాదు. కాని ఆమెకు హస్తవాసి ఉందని వార్డంతా తీర్మానించేసింది. ఆమె సూది పొడిస్తే నొప్పి ఉండదట, ఆమె కట్టుకడితే పుండు తొందరగా మానుతుందట. నేను సూది పట్టుకుని వెళితే, "రత్నం సిస్టరమ్మ రాలేదేటండీ?" అని నా మొహం మీదే అడిగేవారు. నాదీ అదే సూది, అదే స్పిరిటు దూది. నొప్పి మాత్రం నాదగ్గరే పుట్టేది కాబోలు.

దానికితోడు బోణీ పిచ్చి ఒకటి. దుకాణంలో తొలి బేరం మంచి చేతిమీదుగా జరగాలంటారే, అలాగే పొద్దున ఆమె చేసే తొలి ఇంజక్షను పడినవాడు త్వరగా ఇంటికి పోతాడని ఎవడు పుట్టించాడో గాని, ఆ నమ్మకం వార్డులో పాతుకుపోయింది. ఆమె మొదటి మంచం నుంచి మొదలుపెట్టేది కనుక ఆ మంచానికి గిరాకీ. డిశ్చార్జి అయి పోతున్న ఒకడి పెళ్ళాం టిఫిను డబ్బాలో వేయించిన చేపలు తెచ్చి, "రత్నం సిస్టరమ్మకి ఇయ్యండమ్మా" అని నా చేతికే ఇచ్చింది. ఇచ్చాను. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అంటే ఏమిటో ఆ డబ్బా మోసిన నాలుగడుగుల్లోనే నాకు తెలిసింది.

ఇక్కడ మా వృత్తి సంగతి కొంచెం చెప్పాలి. నర్సింగులో మొదట నేర్పేది పొడవడం కాదు, ఎవరికి ఏమిస్తున్నామో చూసుకోవడం. సీసాను అలమారలోంచి తీసేటప్పుడు, సిరంజిలోకి ఎక్కించేటప్పుడు, తిరిగి పెట్టేటప్పుడు దాని మీది పేరు చదవాలి. రోగి దగ్గరకు వెళ్ళాక "నీ పేరేమిటి?" అని అడిగి అతని నోటితోనే చెప్పించుకోవాలి. "నువ్వు అప్పారావువేనా?" అని మాత్రం అడగకూడదు, నొప్పిలో ఉన్నవాడు దేనికైనా ఊఁ అంటాడు. వీటన్నిటికీ పైన ఇంకో నియమం ఉంది. సిరంజిలో మందు ఎవరు ఎక్కిస్తారో పొడవవలసిందీ వారే. ఎక్కించాక సిరంజిలో ఉన్నది పెన్సిలినో ఇంకొకటో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

మా వార్డులో ఆ నియమాన్ని హస్తవాసి మింగేసింది. అందరూ రత్నమే కావాలంటే ఆమె ఒక్కతే ఎన్ని ఎక్కించి ఎన్ని పొడుస్తుంది? అప్పటి వార్డు సిస్టరు రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, గొడవలు గిట్టవు. అందుకని ఒక వాడుక పెట్టింది. నేను గాజు సిరంజిలు మరగబెట్టి, కేసు షీట్లలో డాక్టరుగారు రాసినది చూసి మందులు ఎక్కించి, ఒక్కొక్కదాని కింద మంచం నంబరు చీటీ పెట్టి ట్రేలో సర్దాలి. రత్నం ఆ ట్రే పట్టుకుని వరసగా పొడుచుకుంటూ పోవాలి. పని చకచకా అయిపోయేది, డాక్టరుగారు మెచ్చుకునేవారు. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, వేళ్ళు కాలినవి నావి, దణ్ణాలు ఆమెకి.

ఓర్చుకున్నన్నాళ్ళు ఓర్చుకుని మేట్రన్ గారి దగ్గరికి వెళ్ళాను. ఒకరు ఎక్కించినది ఇంకొకరు పొడుస్తున్నారనీ, ఇది మనకు నేర్పిన పద్ధతి కాదనీ చెప్పాను. చెప్పినది అక్షరాలా నిజం. చెప్పించినది మాత్రం అసూయే. మేట్రన్ గారు విని, "వచ్చి చూస్తాను, వెళ్ళు" అన్నారు. ఎప్పుడు వస్తారో చెప్పలేదు. నేను వార్డుకు తిరిగి వచ్చి, ఆవిడ వచ్చేదాకా ఎప్పటిలాగే సిరంజిలు ఎక్కిస్తూనే ఉన్నాను. చూడాల్సినది ఆవిడ కళ్ళతోనే చూడాలి కదా.

ఇంతలో సింహాచలం అనే మనిషి చేరాడు. ప్లాంటు పనిలో ఇనప చువ్వ జారి తొడ చీరుకుపోయింది. పెన్సిలిన్ ఇచ్చే ముందు అది ఒంటికి పడుతుందో లేదో చూడాలి. ముంజేతి చర్మం కింద చుక్కంత మందు వేసి, చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, కాసేపాగి చూస్తాం. ఎర్రబడి ఉబ్బితే పడదని అర్థం. అయినా ఇస్తే ఊపిరాడక మనిషి మన చేతుల్లోనే పోవచ్చు. ఆ టెస్టు మధ్యాహ్నం నేనే చేశాను. సున్నా లోపలంతా ఎర్రగా ఉబ్బింది. పెన్సిలిన్ పడదని అతని కేసు షీటు మీద ఎర్రసిరాతో రాసి మంచానికి తగిలించాను. అతని మంచం వరసలో చివరిది. రత్నం అప్పటికి డ్యూటీ దిగిపోయింది, అతని మొహం ఆమె చూడలేదు.

మర్నాడు పొద్దున ట్రే సిద్ధమయ్యాక మేట్రన్ గారు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. రత్నం ఆవిడను చూసి కంగారుపడి, చూపు ట్రే మీదే పెట్టుకుని మొదటి మంచం వైపు నడిచింది. ఆ మంచం మీది రోగికి పెన్సిలిన్. నేను ఎక్కించినదే, చీటీ సరిగానే ఉంది, మంచానికి వేలాడుతున్న షీటూ సరిగానే ఉంది. మంచం మీది మనిషి గోడవైపు తిరిగి పడుకుని, ఇంజక్షనుకు లుంగీ సడలించుకుని సిద్ధంగా ఉన్నాడు.

నేను బల్ల దగ్గర నిలబడి ఆమె చేతినే చూస్తున్నాను. ఆ చేతిలో ఏముందని అందరూ అంతగా వెర్రెత్తిపోతున్నారో కనిపెట్టాలని రోజూ అలాగే చూసేదాన్ని. వార్డులో మిగిలినవాళ్ళందరూ ఆమె మొహం చూస్తారు, చెయ్యి చూసేది నేనొక్కదాన్నే. ఆమె దూదితో తుడుస్తోంది. ఆ పక్కనే రోగి చెయ్యి వెనక్కి వాలి మంచం అంచుమీద ఉంది. దాని మీద పెన్నుతో చుట్టిన సున్నా కనిపించింది. నా సున్నాయే.

"రత్నం, ఆపు! పొడవకు!" అని అరిచాను.

ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. మనిషిని ఇటు తిప్పితే సింహాచలం. ఏమిటిదని అడిగితే నవ్వుతూ చెప్పాడు. "బోణీ నాకు పడాలనీసి బావని అడిగి మంచం మారినానమ్మా. ఓ పూట కోసమే. తప్పేటుంది?" ఆ బావ, అంటే మొదటి మంచం అసలు రోగి, చివరి మంచం మీద కూర్చుని బీడీ దాచుకుంటున్నాడు. మనుషులు మారారు, షీట్లు మాత్రం మంచాలతోనే ఉండిపోయాయి. చావుకు ఎంత దగ్గరగా వెళ్ళి వచ్చాడో సింహాచలానికి చివరిదాకా అర్థం కాలేదు. తనకు బోణీ దక్కలేదని ఆ రోజంతా నామీద అలిగాడు.

మేట్రన్ గారు మమ్మల్నిద్దర్నీ తన గదిలోకి పిలిచారు. "ఎక్కించింది సుభద్ర. పొడవబోయింది రత్నం. ఆ మనిషి పోయుంటే నేను ఎవరిని అడగాలి?" అన్నారు. నేను మంచం నంబరు ప్రకారం ఎక్కించాననీ, వార్డులో వాడుక అదేననీ చెప్పాను. రత్నం మాత్రం, "నాను పేరడగలేదమ్మా. అడిగుంటే ఆడే సెప్పేవోడు" అని ఊరుకుంది. ఆ పూటనుంచే ట్రే వాడుక ఎత్తేశారు. ఎక్కించినవారే పొడవాలి, ఎవరి హస్తవాసి ఎలాంటిదైనా సరే.

నేను ఆ వారమంతా గాలిలో తేలాను. తప్పని ముందే చెప్పింది నేను, మనిషిని బతికించింది నేను. వారం తిరిగేసరికి ఉత్తర్వులు వచ్చాయి. యాక్సిడెంట్ వార్డు సిస్టరుగా నూకరత్నం. ఆమె కింద స్టాఫ్ నర్సుగా నేను.

తిన్నగా మేట్రన్ గారి గదికి వెళ్ళాను. ఆవిడ నన్ను కూర్చోమనలేదు. "పద్ధతి తప్పని నాకు చెప్పి వెళ్ళి, మళ్ళీ సిరంజిలు ఎందుకు ఎక్కించావు?" అని అడిగారు. నా దగ్గర జవాబుంది గాని, అది మేట్రన్ ముందు చెప్పేది కాదు. "రత్నం అలవాటులో పడి చేసింది. నువ్వు తెలిసి, నేను వచ్చేదాకా కాపు కాశావు. వార్డు సిస్టరు కాపు కాయకూడదు, ఆపాలి" అన్నారు. మరి ఆపింది నేనే కదా అన్నాను. "అందుకే నిన్నూ అక్కడికే వేశాను. పైగా రత్నమే నిన్ను అడిగి తీసుకుంది" అన్నారు. ఆ తీర్పు నాకు అప్పుడు మింగుడుపడలేదు, ఇప్పుడూ పడదు. మంచం మారినవాడు ఒకడు, పేరు అడగనిది ఒకతె, మెట్టు ఎక్కకుండా ఆగిపోయింది మాత్రం నేను.

నన్నే ఎందుకు అడిగావని రత్నాన్ని నిలదీశాను. నువ్వంటే నాకు గిట్టదని తెలియదా అన్నాను.

"తెల్దేటక్కా? వార్డంతా తెల్సు," అంది. "అందరూ నా మొకం సూసి నవ్వుతారు. నువ్వొక్కదానివే నా సెయ్యి సూత్తావు. యాక్సిడెంట్ వార్డులో నాకదే కావాల."

నా అసూయకు కూడా ఆమే డ్యూటీ వేసింది. దానికీ నాకు కడుపుమండింది.

యాక్సిడెంట్ వార్డులో నొప్పి తెలియకుండా ఇచ్చే మత్తుమందు పెథిడిన్ వంటి ప్రమాదకరమైన మందులు ఒక్క నర్సే ఇవ్వకూడదు. ఒకరు ఎక్కిస్తుంటే రెండోవారు పక్కన నిలబడి మందు పేరు, మోతాదు, రోగి పేరు తామే స్వయంగా చదివి చూడాలి, చూశామని సంతకం చెయ్యాలి. పొడిచేది మాత్రం ఎక్కించినవారే. కొన్నేళ్ళపాటు ఆ రెండో మనిషిని నేను. నేను ఎక్కించేటప్పుడు రత్నం. ఒకసారి ఒకేలా కనిపించే రెండు మందుల్లో నేను ఒకదానికి బదులు ఇంకొకటి తీశాను. ఆమె నా మణికట్టు పట్టుకుని, "అదేటక్కా, మల్లీ సదువు" అంది. చదివాను. ఆమె చెప్పింది నిజమే. మొహం ముడుచుకునే సీసా మార్చాను.

ఆమె రిటైరైన రోజున ఎన్ని దండలు పడ్డాయో నేను చూశాను. నాకు పడినవాటికంటే ఎక్కువే.

తరవాత విద్యార్థినులకు పాఠం చెప్పే రోజుల్లో ఈ ఒక్క సంగతి నా మాటగా చెప్పేదాన్ని. రెండోసారి చూడటానికి మనిషిని ఎంచుకునే వీలుంటే స్నేహితురాలిని పిలవకండి. స్నేహితురాలు మన మాట నమ్మి సంతకం పెడుతుంది. మనమంటే గిట్టనిది సీసా మీది పేరు చదువుతుంది.