కాడి విరిచిన చెయ్యి

ఆర్మూర్‌లో తన కొడుకు యాకోబు ఏం పని చేస్తాడో చెప్పమంటే ఆశమ్మ తడబడేది. హైదరాబాద్ కంపెనీకి ఇంట్లోంచే పని చేస్తాడనీ, అది అయ్యాక అదే కంప్యూటర్ మీద జీతం లేని పని ఇంకోటి చేస్తాడనీ చెప్పేది. ఆ జీతం లేని పనికే వచ్చే నెల రెండు సాఫ్ట్‌వేర్ సభలు అతన్ని మాట్లాడమని పిలిచాయి. ముందు బెంగళూరు, తర్వాత కొచ్చి.

పసుపు కాడి, అంటే కొమ్ము, ఫొటో చూసి రకం చెప్పే ప్రోగ్రాం అది. దానికి నేర్పింది ఆశమ్మ. ఇరవై రెండేళ్లుగా ఆమె గోదాములో పసుపు వేరుచేసే కూలి. పైతోలు చూసి లోపలి రంగు చెప్పేది, తర్వాత విరిచి చూపేది. రెండు వేసవులు, ఆదివారం ప్రార్థన అయ్యాక, కొడుకు ముందు కూర్చుని ఆరువేల కాడులు విరిచింది. అతను ఫొటోలు తీసి ప్రోగ్రాంకు ఎక్కించాడు.

ఎవరైనా తీసుకోండి, అడగక్కర్లేదు అని యాకోబు దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాడు. రైతు తన సరుకును తానే అంచనా వేసుకుంటాడని అతని ఆశ. పక్కనున్న అంకాపూర్‌లో ఇద్దరు ముగ్గురు రైతులు చూసి బాగుందన్నారు, అంతే. తీసుకున్నది తల్లి పనిచేసే గోదామే. బెల్టు మీద కెమెరా బిగించి, అక్కడి ఇంజనీరు ఫోన్ చేసి మరీ థాంక్స్ చెప్పాడు. మా ఊళ్లోనే వాడుతున్నారని యాకోబు రెండు సభలకూ గొప్పగా రాశాడు. ఆ ముక్క చూసే పిలిచారు.

మూడు వారాలకు ఆశమ్మ పొద్దున పదింటికే, మూత తీయని టిఫిన్ గిన్నెతో ఇంటికొచ్చింది. కెమెరా వచ్చాక, వేరుచేసే పద్నాలుగు మందిలో ఇద్దరినే ఉంచుకున్నారు. ఆ ఇద్దరిలో ఆమె లేదు.

ఆదివారం పాస్టరు సభల సంగతీ, అక్కడ యాకోబు తల్లి చేతి ఫొటో చూపిస్తాడనీ ప్రకటించి చప్పట్లు కొట్టించాడు. బయటికొచ్చాక, గోదాములో ఇన్నేళ్లూ ఆమె పక్కనే కూర్చుని, ఆమెతోపాటే పని పోగొట్టుకున్న ఎస్తేరు ఆపింది.

"ఆశక్కా, నీ కొడుకు బెంగుళూరుల నీ చేతులు చూపిస్తడట గదా. మావి గూడ తీస్కపొమ్మను. ఖాళీగనే ఉన్నయి."

ఆ మధ్యాహ్నం యాకోబు తల్లికి స్లైడ్లు చూపించాడు. ఒకదాంట్లో ఆమె చెయ్యి, విరిగిన కాడి. ఆ తర్వాత తోడ్పడినవాళ్ల పేర్లు, ముప్పైయెనిమిది. వాళ్లెవరని ఆమె అడిగింది. మొదటివాడు జర్మనీలో ఉంటాడనీ, ఒక అక్షరదోషం దిద్దాడనీ చెప్పాడు. మిగతావాళ్లూ ఇంచుమించు అంతే.

"నా పేరేది?"

అతనికి ఆ ఆలోచనే రాలేదు. కోడ్ పంపినవాళ్ల పేర్లే ఆ జాబితాలో చేరతాయి. తల్లి పంపింది కోడ్ కాదు. ఆ మాట మింగి, అన్నిటికన్నా పైన తెలుగులో ఆశమ్మ అని టైపు చేశాడు. సభలో ఆమె సంగతంతా చెప్తానన్నాడు, పని పోయిందని కూడా.

ఆశమ్మకు బైబిలు చదివేంత తెలుగు వచ్చు. తన పేరు వేలు పెట్టి చదువుకుంది.

"తీసెయ్ బిడ్డా," అంది. "పని ఉన్నప్పుడు రాస్తే బాగుండు. గిప్పుడు పేరు చూస్తే ఎస్తేరోళ్లు, మా పొట్టకొట్టే మిషన్‌కు నేర్పింది నువ్వే అంటరు. అబద్ధం గూడ కాదు."

అతను పేరు తీసేశాడు. పని పోయిన సంగతైనా చెప్పనా అని అడిగాడు.

"చెప్తే మల్ల పనికి పిలుస్తరా?" అని ఆమె లేచి, ఆరిన బట్టలు తీయడానికి వెళ్లింది.

స్లైడులో చెయ్యి అలాగే ఉంది, గోళ్ల మొదట్లో పసుపు పట్టి. దాని కింద ఇంగ్లిష్‌లో 'స్థానిక నిపుణులు' అని ముందే రాసి ఉంది. అతను దాన్ని దిద్దలేదు.