ఆయిల్ వేడెక్కని బండి

మా మందమర్రి సదానందం తన బైక్ గురించి రెండు గంటలు చెప్తాడు. రెండు నిమిషాలు నడిపి చూపమంటే మాత్రం "ఇంకా ఆయిల్ వేడెక్కలే" అంటాడు. నాకు తెలిసి మూడేళ్లుగా వేడెక్కలేదు. ఎండాకాలం మా కాలనీ ట్యాంకుల్లో నీళ్లు మరుగుతాయి గానీ, ఆ ఆయిల్ మాత్రం చల్లగానే ఉంటుంది.

దుబాయ్ గ్యారేజీలో పద్దెనిమిదేళ్లు పనిచేసి, షేక్ గుద్దేసి వదిలేసిన బండిని ముక్కలుగా తెచ్చి ఇక్కడ బిగించుకున్నాడు. ఆ హడావిడిలో పెళ్లి సంగతి మరిచిపోయాడు. లోకం మొత్తమ్మీద అలాంటివి ఇరవయ్యే ఉన్నాయట. విడిగా ఫ్రేమ్ ఉండదు, ఇంజనే దానికి వెన్నెముక. రేడియేటర్ సీటు కింద. వెనక షాక్ అబ్జార్బర్ గుంతను పసిగట్టి రెప్పపాటులో మెత్తబడుతుంది. పాలు పోసే పోశవ్వ కూడా ఇవన్నీ అప్పజెప్పగలదు. అందుకే ఆయన కనబడితే జనం సందు మారతారు. సాయంత్రాలు ఆయనా బండీ మిగులుతారు. పాపం అనిపించేది, అయినా నేనూ సందు మారేవాణ్ణే.

ఒకరోజు దొరికిపోయాను. ఆయన చాయ్ పెట్టడానికి లోపలికెళ్తే, బండి మీద గుడ్డ ఎత్తి వెనక చూశాను. షాక్ అబ్జార్బర్ లేదు. దాని చోట, బొగ్గుబాయిలో కప్పుకు ఆనించే దుంగ ముక్క ఉంది.

చాయ్‌తో వచ్చిన సదానందం నన్ను చూసి గ్లాసులు కింద పెట్టాడు.

"కొమురెల్లి బండికి పెట్టిన" అన్నాడు.

పక్క క్వార్టర్ కొమురెల్లికి బాయిలో కప్పు కూలి నడుం విరిగింది. మూడుచక్రాల బండిలో గుంత గుంతకూ ప్రాణం పోతుందని ఏడాది పాటు గడప దాటలేదు. ఆస్పత్రికి రాకపోతే మనిషి దక్కడన్నారు డాక్టర్లు. సదానందం గ్రీజు పెడతానని ఆ బండి తెచ్చి, తన షాక్ అబ్జార్బర్‌ను బ్యాటరీతో సహా సీటు కింద బిగించాడు. కొమురెల్లికి మాత్రం పాత ట్రాక్టర్ స్ప్రింగని చెప్పాడు. ఇంకొకటి తెప్పించుకుందామంటే దాన్ని చేసిన కంపెనీయే మూతపడింది.

"ఆయనకు చెప్పలేదా అన్నా?"

"చెప్తే ఇప్పి నా చేతుల పెడ్తడు. మల్ల ఇంట్ల పంటడు. నువ్వు సుత చెప్పకు."

అంతలో కొమురెల్లే వచ్చాడు, గుంతల మీద పడవలో తేలినట్టు. గబుక్కున గుడ్డ కప్పేశాను.

"గంత బండి ఉండి ఏం లాభం సదానందం, ఇంట్లనే కూసుంటివి. నన్ను జూడు, పొద్దుగాల దవాఖానకు పోయొచ్చిన, ఇప్పుడు అంగడికి పోతున్న. మనిషన్నంక జర తిరగాలె."

"నిజమే, తిరగాలె" అన్నాడు సదానందం బుద్ధిగా. చెప్పులు తొడుక్కుని, కొమురెల్లి బండి మీద ఒక చెయ్యి వేసి, ఆయన హితబోధ వింటూ అంగడి దాకా నడిచాడు.